ఒక్క అక్షరం జారితే ఆటే మారింది

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పేజీలో 1834 నాటి మెక్‌డోనెల్–లా బూర్డొన్నే ఆట వేశారు. సినిమా కబుర్ల పక్కన చదరంగానికి అంత చోటు దొరకడమే సంతోషం. కానీ ఆ ఆటను బల్ల మీద పేర్చి ఆడి చూసిన పిల్లలు 23వ ఎత్తు దగ్గర ఆగిపోతున్నారు. కారణం 16వ ఎత్తు. నల్లవారి ఆటను మీరు ‘ఏనుగు ఇ8’ అని అచ్చువేశారు. అప్పటికి నల్లవారి ఏనుగులు ఎ8లో ఒకటి, ఎఫ్8లో ఒకటి ఉన్నాయి. రెండూ ఇ8కి రాగలవు. పిల్లలు సహజంగా దగ్గరున్న ఎఫ్8 ఏనుగును జరుపుతున్నారు. ఆడినది ఎ8 ఏనుగు.

తప్పు ఎలా జరిగిందో ఊహించగలం. ఏనుగుకు ‘ఏ’ అని పొడి అక్షరం పెట్టుకుంటే ఆ ఎత్తు ‘ఏఎఇ8’ అవుతుంది. ప్రూఫ్ చూసేవారికి అది అక్షరం రెండుసార్లు పడినట్టు కనిపించి, ఒకటి కొట్టేసి ఉంటారు. అందుకే ఏనుగుకు ‘ఏను’ అని రాసి, ఎటువైపుదో కుండలీకరణంలో పెడితే మేలు. మంత్రికి ‘మం’, శకటుకు ‘శ’ (మన బస్తీల్లో ఒంటె అనేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి మొదట ఒకసారి చెప్పాలి), గుర్రానికి ‘గు’, రాజుకు ‘రా’. బంటుకు ఏమీ అక్కర్లేదు. గడి పేరులో అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డవరుసది. ‘×’ అంటే కొట్టడం, ‘+’ అంటే చెక్, ‘0-0’ అంటే కోట కట్టడం, అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లవారి ఎత్తు. ఇలా రాస్తే ఆట మొత్తం ఇదీ:

1. ఇ4 సి5 2. గు-ఎఫ్3 గు-సి6 3. డి4 సి×డి4 4. గు×డి4 ఇ5 5. గు×సి6 బి×సి6 6. శ-సి4 గు-ఎఫ్6 7. శ-జి5 శ-ఇ7 8. మం-ఇ2 డి5 9. శ×ఎఫ్6 శ×ఎఫ్6 10. శ-బి3 0-0 11. 0-0 ఎ5 12. ఇ×డి5 సి×డి5 13. ఏను-డి1 డి4 14. సి4 మం-బి6 15. శ-సి2 శ-బి7 16. గు-డి2 ఏను(ఎ)-ఇ8 17. గు-ఇ4 శ-డి8 18. సి5 మం-సి6 19. ఎఫ్3 శ-ఇ7 20. ఏను(ఎ)-సి1 ఎఫ్5 21. మం-సి4+ రా-హెచ్8 22. శ-ఎ4 మం-హెచ్6 23. శ×ఇ8 ఎఫ్×ఇ4 24. సి6 ఇ×ఎఫ్3 25. ఏను-సి2 మం-ఇ3+ 26. రా-హెచ్1 శ-సి8 27. శ-డి7 ఎఫ్2 28. ఏను-ఎఫ్1 డి3 29. ఏను-సి3 శ×డి7 30. సి×డి7 ఇ4 31. మం-సి8 శ-డి8 32. మం-సి4 మం-ఇ1 33. ఏను-సి1 డి2 34. మం-సి5 ఏను-జి8 35. ఏను-డి1 ఇ3 36. మం-సి3 మం×డి1 37. ఏను×డి1 ఇ2. తెల్లవారు ఓటమి ఒప్పుకున్నారు.

ఇక రెండో విషయం. ఆట పైన మీరు పెట్టిన శీర్షిక ‘నల్ల పావులకు ఓర్పే ఆయుధం’. ఈ ఆటకు ఇంతకంటే నప్పని శీర్షిక దొరకదు. 1. ఇ4కి సి5తో బదులిచ్చే సిసిలియన్‌ను డిఫెన్స్ అంటారు నిజమే. ఆ మాట వల్లే మన దగ్గర పిల్లలు నల్ల పావులంటే తలుపు గడియ వేసుకుని కూర్చోవడం అనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఏ వారాంతపు రాపిడ్ టోర్నీకి వెళ్ళినా ఇది కనిపిస్తుంది. గోడకు పెయిరింగ్ కాగితం (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పేది) అంటించగానే తన పేరు నల్లవైపు ఉందని చూసిన పిల్లవాడి ముఖం వాడిపోతుంది. ఏడు రౌండ్ల స్విస్ టోర్నీలో (ఓడినా అందరూ అన్ని రౌండ్లూ ఆడేది) మూడో నాలుగో ఆటలు నల్ల పావులతోనే ఆడాలి. వాటన్నిటిలో డ్రా చాలనుకుని కూర్చుంటే పాయింట్లు ఎక్కడినుంచి వస్తాయి?

నల్ల పావులతో ఆడిన లా బూర్డొన్నే ఏమీ కాచుకోలేదు. నాలుగో ఎత్తుకే ఇ5 తోసి గుర్రాన్ని ‘ఎటు పోతావు?’ అని అడిగాడు. ఇక్కడ మెక్‌డోనెల్ సి6లో గుర్రాన్ని కొట్టడమే నల్లవారికి వరమైంది. బి బంటు సి6కి వచ్చి, డి5 తోయడానికి దన్నుగా నిలిచింది. ఎనిమిదో ఎత్తుకు నడిమి గడులు నల్లవారి చేతికి వచ్చేశాయి.

ఇక్కడే శిక్షణ ఇచ్చేవారు ఒక హెచ్చరిక చేయాలి. ఈ ఆట చూసి మురిసి 4...ఇ5 ఆడే పిల్లలకు మన టోర్నీల్లో ఎదురయ్యేది 5. గు×సి6 కాదు, 5. గు-బి5. ఆ గుర్రం డి6లో చెక్ పెడతానని బెదిరిస్తుంది. 5...ఎ6 ఆడితే 6. గు-డి6+ శ×డి6 7. మం×డి6 మం-ఎఫ్6 వస్తుంది. నల్లవారికి నల్లగడుల శకటు పోతుంది, డి6 చుట్టుపక్కల గడులు బోసిపోతాయి, ప్రతిఫలంగా పావులు వేగంగా బయటికి వస్తాయి. 5...డి6 ఆడితే దాన్ని కలాష్నికోవ్ అంటారు. డి6కి దారి మూసుకుంటుంది కానీ డి5 గడి ఏ నల్ల బంటూ కాపు కాయలేని గుంటగా శాశ్వతంగా మిగులుతుంది. ఆ గుంటకు బదులుగా ఏం దొరుకుతుందో తెలియకుండా ఇ5 తోయకూడదు. 4...గు-ఎఫ్6 5. గు-సి3 తర్వాత ఇ5 తోసే స్వేష్నికోవ్ కూడా ఇదే కుదురు. 2018లో, ఈ ఆట జరిగిన లండన్‌లోనే, ప్రపంచ టైటిల్ కోసం కరువానాతో తలపడినప్పుడు కార్ల్‌సన్ దాన్నే నమ్ముకున్నాడు.

పదిహేనో ఎత్తు దగ్గర ఒక ఉచ్చు ఉంది. మీ వ్యాఖ్యలో అది లేదు. 15. శ-సి2 తర్వాత బి2 బంటు ఊరికే దొరికినట్టు ఉంటుంది. నల్ల మంత్రి ఎదురుగా బి6లోనే ఉంది. పది మంది పిల్లల ముందు ఈ స్థితి పెడితే ఎనిమిది మంది చేయి అటే పోతుంది. మంత్రి బి2ని కొడితే 16. శ×హెచ్7+. శకటు సి2 నుంచి తప్పుకోవడంతో ఇ2లోని తెల్ల మంత్రికి రెండో అడ్డవరుసలో దారి తెరుచుకుంటుంది. రాజు శకటును కొట్టగానే తెల్ల మంత్రి వచ్చి బి2లోని నల్ల మంత్రిని తీసుకుపోతుంది. లా బూర్డొన్నే బంటు వంక చూడకుండా శ-బి7 ఆడాడు.

ఇప్పుడు ఆ 16వ ఎత్తు. బంట్లు లెక్కపెడితే ఇరువైపులా ఆరేసి. తెల్లవారికి మంత్రి వైపు మూడుకు ఒకటి ఎక్కువబలం, నల్లవారికి నడుమా రాజు వైపూ కలిపి అయిదుకు మూడు. నల్లవారి డి4, ఇ5 బంట్లు పక్కపక్కనే భుజం కలిపి నిలబడ్డాయి. వాటిని ముందుకు నడపాలంటే ఎఫ్ బంటు కూడా కదలాలి, దాని వెనుక ఏనుగు ఉండాలి. అందుకే ఎఫ్8 ఏనుగు ఉన్నచోటే ఉంది, పనిలేని ఎ8 ఏనుగు ఇ బంటు వెనక్కి చేరింది. ఎఫ్8 ఏనుగును జరిపితే ఏమవుతుందో చూడండి. 20...ఎఫ్5 తర్వాత 22. శ-ఎ4 వచ్చి ఇ8 ఏనుగు పోతుంది. ఎఫ్ నిలువు వరుసలో ఎవరూ లేరు. 24...ఇ×ఎఫ్3కి వెనుక బలం లేదు. మీ పేజీ చూసి ఆడిన పిల్లలు 23 దగ్గర ఆగింది ఇందుకే. వాళ్ళ తప్పు కాదు.

19. ఎఫ్3 కూడా ఒక్క క్షణం చూడాలి. ఇ4 గుర్రానికి దన్నుగా వేసిన ఎత్తు అది, చూడటానికి బుద్ధిగా ఉంటుంది. కానీ ఇ3 గడికి కాపలా పోయింది. ఆరు ఎత్తుల తర్వాత నల్ల మంత్రి సరిగ్గా ఆ గడిలోనే దిగి చెక్ చెప్పింది.

22. శ-ఎ4 మెక్‌డోనెల్ వేసిన మంచి ఎత్తే. మంత్రి కదిలితే వెనుక ఏనుగు పోతుంది. పిరికివాడైతే ఇక్కడ ఏనుగును ఎలా దక్కించుకోవాలా అని తల పట్టుకుంటాడు. లా బూర్డొన్నే మంత్రిని హెచ్6కి తీసుకెళ్ళి, ఏనుగు ఇచ్చి గుర్రం తీసుకున్నాడు. అయిదు పాయింట్ల ఏనుగు ఇచ్చి మూడు పాయింట్ల గుర్రం తెచ్చుకోవడం లెక్కకు నష్టమే. ఆ లెక్క 24వ ఎత్తులో తేలిపోతుంది. తెల్లవారు సి6 తోసి బి7 శకటును పట్టారు. నల్లవారు దాన్ని పట్టించుకోకుండా ఎఫ్3 కొట్టారు. 25. సి×బి7 ఆడితే మం-ఇ3+ 26. రా-హెచ్1 ఎఫ్×జి2+ 27. రా×జి2 ఏను-ఎఫ్2+. రాజు హెచ్1కి పోతే మంత్రి ఎఫ్3లో చెక్, ఆ తర్వాత జి2లో మేట్. జి1కి పోతే ఏనుగు ఇ2కి జరిగి మంత్రి చెక్ బయటపడుతుంది, అక్కడా మేటే. బి8లో కొత్త మంత్రి పుట్టడానికి తెల్లవారికి ఒక్క ఎత్తు కూడా ఖాళీ దొరకదు.

31వ ఎత్తులో కూడా తొందర పనికిరాదు. తెల్ల మంత్రి సి8కి వచ్చి, ఎఫ్8 ఏనుగు ముందు ఊరికే నిలబడింది. ఏనుగుతో దాన్ని కొడితే 32. డి×సి8 బంటు మంత్రి అయి చెక్, ఎఫ్8లో శకటు అడ్డుపెట్టినా దాన్నీ కొట్టి మేట్. గెలిచే ఆట అలా ఒక్క చేతివాటుకు పోతుంది. శ-డి8 అనే చిన్న వెనకడుగు డి7 బంటును అక్కడే బిగించేసింది. ఓర్పు అనే మాట వాడాలంటే ఈ ఒక్క ఎత్తుకు వాడండి, ఒప్పుకుంటాను.

చివరి స్థితిని అచ్చు వేయకపోవడం మాత్రం పెద్ద లోటు. తెల్ల మంత్రి సి3లో సజీవంగా ఉంది, ఏనుగు డి1లో ఉంది. నల్లవారికి మంత్రే లేదు. ఉన్నది జి8లో ఏనుగు, డి8లో శకటు, డి2లో, ఇ2లో, ఎఫ్2లో వరసగా మూడు బంట్లు. మంత్రితో డి2 కొడితే ఎఫ్1లో బంటు మంత్రి అయి చెక్, ఏనుగు కొట్టగానే ఇ2 బంటు దాన్ని కొట్టి మళ్ళీ మంత్రి, మేట్. ఏనుగుతో డి2 కొడితే ఎఫ్1లోనే మేట్. ఇది చూశాక పిల్లవాడికి బంటు అంటే చిన్నచూపు పోతుంది.

ఈ ఆటలో లోపాలు లేవని కాదు. కంప్యూటర్ ఇంజిన్‌కు ఇస్తే ఇరువైపులా పొరపాట్లు ఎర్రగా చూపిస్తుంది. అప్పటికి చెస్ గడియారాలు లేవు, ఓపెనింగుల మీద ఇప్పటిలా పుస్తకాలు లేవు. ఆ ఏడాది జూన్ నుంచి అక్టోబరు దాకా లండన్‌లో ఈ ఇద్దరూ ఆరు మ్యాచ్‌లుగా 85 ఆటలు ఆడారు. లా బూర్డొన్నే 45 గెలిచాడు, మెక్‌డోనెల్ 27, మిగిలిన 13 డ్రా. ఇది నాలుగో మ్యాచ్‌లో పదహారో ఆట. మెక్‌డోనెల్ ఆ మరుసటి ఏడే చనిపోయాడు.

పిల్లలతో దీన్ని ఆడించేవారికి ఒక పద్ధతి. బల్లను నల్లవారి వైపు నుంచి పెట్టండి, హెచ్8 గడి ఎడమచేతి మూలకు రావాలి. 19వ ఎత్తు దాకా ఆడి, మిగతాది కాగితంతో కప్పండి. ఒక్కో నల్ల ఎత్తుకు ముందు మూడు నిమిషాలిచ్చి, తోచిన రెండు ఎత్తులు రాయించండి. ఇంజిన్ ఆ రోజంతా కట్టేసి ఉంచండి. 20, 22, 24, 31 ఎత్తుల దగ్గర ఎక్కువసేపు ఆగండి, మిగతావి త్వరగా దాటిపోవచ్చు.

మీరు సవరణ వేసేటప్పుడు 16వ ఎత్తు తర్వాతి స్థితినీ, ఆఖరి స్థితినీ బొమ్మలుగా, నల్ల పావులు కిందికి వచ్చేలా వేయమని మనవి. వచ్చే నెలల్లో ఇదే వరసలో 1907లో లోడ్జ్‌లో రోట్లెవి మీద రూబిన్‌స్టైన్ ఆటనూ, 2013లో వైక్ ఆన్ జీలో అరోనియన్ మీద ఆనంద్ ఆటనూ పక్కపక్కన వేస్తే బాగుంటుంది. రెండూ నల్ల పావుల గెలుపులే, రెండింటిలోనూ శకట్ల దాడి ఒకే పోలికతో ఉంటుంది. 2002లో ఆనంద్ ప్రపంచకప్ ఎత్తింది మన హైదరాబాద్‌లోనే కాబట్టి పిల్లలకు ఆ పేరు కొత్తగా పరిచయం చేయాల్సిన పని కూడా లేదు. రూబిన్‌స్టైన్ ఆటలో 18వ ఎత్తు దగ్గర మాత్రం ఏనుగు ఏ వరుసలోదో చూసి అచ్చువేయండి.

ఇట్లు,
ఒక చెస్ శిక్షకుడు,
నల్లకుంట, హైదరాబాద్.