మా పిల్లలకు ఈ పాఠం చెప్పనివ్వండి: పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా పిల్లలకు సునామీ గురించీ, అణు కేంద్రాల గురించీ పాఠం చెప్పనివ్వండని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోది పరిశీలనలో ఉందన్నారు. మూడోదానికి మాత్రం "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. నన్ను ఎవరూ పిలవలేదు, బడికి ఎవరూ రాలేదు. ఏం పరిష్కారమైందో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి.

జరిగింది చెబుతాను. పోయిన ఏడాది పదో తరగతికి ఖనిజాలు, శక్తి వనరుల పాఠం చెబుతున్నాను. అణువిద్యుత్ గురించి అందులో ఉన్నది నాలుగైదు లైన్లు. యురేనియం, థోరియం ఎక్కడ దొరుకుతాయో చెప్పి ముగించేస్తారు. సైన్సులో శక్తి వనరులని ఒక పెద్ద పాఠం ఉండేది, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు సిలబస్ తగ్గించినప్పుడు దాన్ని మొత్తంగా తీసేశారు. ఆ నాలుగు లైన్లూ చదివేలోపే వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. "టీచర్, మన కొవ్వాడలో అణు కేంద్రం కడతారంట కదా, సంద్రం పొంగితే అది పేలిపోద్దా?" అన్నాడు. ముందు వరసలో ఉన్న అమ్మాయికి కోపం వచ్చింది. "ఏం పేలదు. మా నాన్నకి అందులోనే ఉద్యోగం వస్తది" అంది. ఆ కుర్రాడిది సముద్రం మీద బతికే ఇల్లు. ఆ అమ్మాయి వాళ్లది ఆ కేంద్రానికి భూమి ఇచ్చి, ఇల్లు ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తున్న ఇల్లు. ఇద్దరూ నా పిల్లలే. మీరు ఆ క్లాసులో ఉంటే ఏం చేసేవారు సార్? నోరు మూసుకుని కూర్చోమనేవారా?

నేను అలా అనలేకపోయాను. తర్వాతి రెండు పీరియడ్లు దాని మీదే చెప్పాను. 2011 మార్చి 11న జపాన్‌లో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఫుకుషిమా దాయిచి అణు కేంద్రంలో నడుస్తున్న రియాక్టర్లు కంపం రాగానే వాటంతట అవే ఆగిపోయాయి. ఆగినా లోపలి వేడి వెంటనే తగ్గదు, దాన్ని చల్లార్చడానికి కరెంటు కావాలి. బయటి కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్లు నడుస్తుండగా పద్నాలుగు పదిహేను మీటర్ల ఎత్తున సునామీ నీళ్లు వచ్చి పడ్డాయి. జనరేటర్లు మునిగాయి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది, లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. ఇది ఒకవైపు.

రెండోవైపు కూడా చెప్పాను సార్. దయచేసి ఇది గమనించండి. అదే భూకంపానికి ఇంకా దగ్గరగా ఒనగావా అణు కేంద్రం ఉంది. దాదాపు అంతే ఎత్తు అల అక్కడా వచ్చింది. కానీ దాన్ని కట్టేటప్పుడు హిరాయ్ అనే ఇంజనీరు పట్టుబట్టి 14.8 మీటర్ల ఎత్తు మీద కట్టించాడు. అది నిలబడింది. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం ఆ కేంద్రంలోనే తలదాచుకున్నారు. తమిళనాడులోని మన కల్పాక్కం అణు కేంద్రం సంగతీ చెప్పాను. 2004 సునామీలో పంపుహౌస్‌లోకి నీళ్లొస్తే రియాక్టరును క్షేమంగా ఆపేశారు, టౌన్‌షిప్‌లో మాత్రం ప్రాణాలు పోయాయి. కొవ్వాడకు అనుకుంటున్న ఏపీ1000 రకం రియాక్టరులో కరెంటు లేకపోయినా 72 గంటలు చల్లార్చేలా పైన నీళ్ల ట్యాంకు ఉంటుందని చెప్పాను. దేశానికి కరెంటు కావాలి, బొగ్గు పొగ ఎన్నాళ్లని పీలుస్తాం అనే వాదనా చెప్పాను. 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు ఒకే తీరాన పెట్టడం మీద భయాలూ చెప్పాను. మన హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారవుతుందని, మణుగూరులో రియాక్టర్లకు వాడే భారజలం తయారవుతుందని, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారని, 2019లో నల్లమలలో తవ్వకం వద్దని జనం లేచారని చెప్పాను. పిల్లలు రెండు జట్లయ్యారు, వాదించుకున్నారు. ఉద్యోగం మాట అన్న అమ్మాయి వ్యతిరేక జట్టులోకి తనంత తాను వెళ్లి మాట్లాడింది. నా సర్వీసులో అంత మంచి క్లాసు ఇంకోటి లేదు.

వారం తిరక్కుండా పైనుంచి మెమో వచ్చింది. సిలబస్‌లో లేని వివాదాస్పద అంశాలు బోధించి విద్యార్థులను రెచ్చగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇచ్చాను. తర్వాత నోటిమాటగా చెప్పింది ఇంకా బాధ కలిగించింది. "ప్రాజెక్టు జోలికి పోకండి టీచర్, సునామీ పాఠం కూడా ఎందుకులెండి, ఒకటి చెబితే ఇంకోటి అడుగుతారు" అన్నారు. అంటే ప్రశ్న వస్తుందన్న భయంతో పిల్లల ప్రాణం కాపాడే పాఠం కూడా ఆగిపోయింది.

జపాన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 2010లో అక్కడి విద్యాశాఖ అణుశక్తి గురించి పిల్లలకు పుస్తకాలు ఇచ్చింది. పెద్ద భూకంపం వచ్చినా, పెద్ద సునామీ వచ్చినా కేంద్రాలు తట్టుకుంటాయని వాటిలో రాశారు. ఏడాది తిరగ్గానే ఫుకుషిమా. ఆ పుస్తకాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పిల్లలకు ఒకవైపే చెప్పిన పాఠం అది. మా పిల్లలకు అలాంటి పాఠం వద్దు సార్. భయపెట్టేదీ వద్దు, జోకొట్టేదీ వద్దు.

నాకెందుకింత పట్టుదల అని మీరు అడగవచ్చు. 2004 డిసెంబరు 26, ఆదివారం, మార్గశిర పౌర్ణమి. నేను అప్పుడు డిగ్రీ అయిపోయి విశాఖలో ఉన్నాను. పొద్దున బీచ్‌కి వెళ్లాం. నీళ్లు వెనక్కి వెళ్లి, ఎప్పుడూ కనపడని రాళ్లు బయటపడ్డాయి. అందరూ చూడ్డానికి కిందికి దిగుతుంటే నేనూ దిగాను. జాగ్రఫీ చదువుకున్న దాన్ని సార్! సముద్రం అలా వెనక్కి పోతే వెనక్కి తిరిగి పరుగెత్తాలని నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఎవరో పెద్దాయన కేకలేస్తే వెనక్కి వచ్చాను. ఆ పొద్దున్నే మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు దిగినవాళ్లు తిరిగి రాలేదు. మన రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. సుమత్రా దగ్గర భూమి కంపించింది మన టైము ప్రకారం ఆరున్నరకి. మన ఒడ్డుకు అల వచ్చింది దాదాపు తొమ్మిదికి. రెండున్నర గంటలు మన చేతిలో ఉన్నాయి, చెప్పేవాళ్లే లేరు.

అదే రోజు థాయ్‌లాండ్‌లో ఫుకెట్ దగ్గర టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లండు పాప, నీళ్లు నురగలు కక్కుతూ లోపలికి వస్తుంటే, రెండు వారాల ముందు క్లాసులో చెప్పింది గుర్తొచ్చి గోల చేసింది. బీచ్ మొత్తం ఖాళీ చేయించారు. ఆ పిల్లకు చెప్పింది ఒక జాగ్రఫీ టీచరే. సుమత్రా పక్కనే ఉన్న సిమెలూ దీవిలో 1907 నాటి ఉప్పెన కథను తాతలు పిల్లలకు చెప్పుకుంటూ వచ్చారు. అక్కడ డెబ్బై వేల పైచిలుకు జనంలో అల వల్ల పోయింది ఏడుగురు. ఏ సైరనూ లేదు, పాఠం ఒక్కటే ఉంది.

ఇప్పుడు సైరన్లున్నాయి, ఒప్పుకుంటాను. 2007 నుంచి హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్ రాత్రీ పగలూ సముద్రాన్ని కనిపెట్టి ఉంటోంది. కానీ అక్కడి నుంచి వచ్చిన హెచ్చరిక మా ఆరో తరగతి పిల్ల కాళ్ల దాకా రావాలి కదా. మా పిల్లలకు తుపాను తెలుసు. హుద్‌హుద్ తెలుసు, తిత్లీకి ఇంటి కప్పులు పోయినవాళ్లున్నారు. తుపాను రెండు మూడు రోజుల ముందు చెప్పి వస్తుంది, షెల్టర్‌కి బియ్యం మూట కట్టుకుని వెళ్లే టైము ఉంటుంది. సునామీ అలా రాదు. తండ్రి వేటకు వెళ్లి లోతు నీళ్లలో ఉంటే పడవకు దాదాపు ఏమీ కాదని, కంగారుపడి ఒడ్డుకు రావడమే ప్రమాదమని కూడా చెప్పాలి. ఎందుకంటే మా పిల్లలు ముందు తండ్రి కోసం సముద్రం వైపే పరుగెడతారు.

భూకంపం మాటకొస్తే, 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలిందా, మధ్యాహ్నానికల్లా మా పిల్లల ఇళ్లలో ఫోన్లలో "ఈ రాత్రికి మళ్లీ పెద్దది" అని తిరిగింది. ఆ రాత్రి బయట పడుకున్నవాళ్లున్నారు. భూకంపాన్ని రోజు, గంట పెట్టి ఎవరూ ముందే చెప్పలేరన్న ఒక్క ముక్క తెలిస్తే చాలు, ఆ టెన్షన్ ఉండేది కాదు.

ఇక జపాన్‌లోని ఒకావా బడి గురించి రాయకుండా ఈ లేఖ ముగించలేను. ఇషినోమాకి ఊళ్లో, సముద్రానికి దాదాపు నాలుగు కిలోమీటర్ల లోపల ఉన్న ఎలిమెంటరీ స్కూలు అది. 2011లో ఆ భూకంపం రాగానే పిల్లల్ని పద్ధతిగా ఆటస్థలంలో వరసల్లో నిలబెట్టారు. అక్కడిదాకా సరిగ్గానే చేశారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో ముందే రాసిపెట్టుకోలేదు. బడి వెనకే గుట్ట ఉంది. గుట్టెక్కుదామని పిల్లలే అన్నారు. పెద్దవాళ్లు తేల్చుకోలేక దాదాపు యాభై నిమిషాలు గడిపేశారు. సునామీ వచ్చి 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు పోయారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ముందుగా సరైన ప్రణాళిక చేయకపోవడం బడిదీ, విద్యాశాఖదీ తప్పేనన్న తీర్పు 2019లో అక్కడి సుప్రీంకోర్టు దాకా నిలిచింది. అదే సునామీ రోజు జపాన్‌లోనే కమైషి ఊళ్లో, ఏళ్ల తరబడి నేర్పినందువల్ల, హైస్కూలు పిల్లలు ఎవరి మాటా కోసం ఆగకుండా పరుగు తీశారు. వాళ్లను చూసి పక్కనున్న చిన్న బడి పిల్లలు కదిలారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేతులు పట్టుకుని, మొదట ఆగిన చోటు చాలదని ఇంకా పైకి వెళ్లారు. దాదాపు 570 మంది బతికారు.

నేను ఆ పదిమంది టీచర్లలో ఒకదాన్ని కాకూడదని రాత్రిళ్లు అనుకుంటూ ఉంటాను. నన్ను నమ్మి పంపిన పిల్లలు నా ముందు వరసలో నిలబడి, "టీచర్, ఎటు?" అని అడిగితే నేను ఏం చెప్పాలి?

ఐదేళ్ల కింద ఒక ట్రైనింగులో, తీరంలోని ప్రతి బడికీ సునామీ డ్రిల్లు, తెలుగులో పుస్తకం, దారి చూపే బోర్డులు వస్తాయని చెప్పారు. మాకు వచ్చింది ఒక ఫ్లెక్సీ. దాని ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసి అప్‌లోడ్ చేయమన్నారు. చేశాం. రెండోసారి కూడా అదే ఫ్లెక్సీ, అదే ఫొటో. ఒడిశాలో గంజాం తీరాన వెంకట్రాయపూర్‌కి 2020లోనే యునెస్కో "సునామీ రెడీ" అని, అంటే సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని, గుర్తింపు ఇచ్చింది. ఒడిశా తీరం పొడుగునా ఉన్న నోలియాలు తెలుగు మాట్లాడే మన జాలర్లే. సరిహద్దు దాటితే మన భాషలోనే ఈ మాట చెప్పుకుంటున్నారు. ఇవతల నాకు మెమో వచ్చింది.

అణు కేంద్రానికి 16 కిలోమీటర్ల లోపు ఊళ్లకు ఎమర్జెన్సీ ప్లాన్ ఉండాలన్నది అణుశక్తి నియంత్రణ మండలి నియమమే. రేపు కొవ్వాడ వస్తే మా బడి ఆ గీతలో పడుతుంది. రియాక్టరు రాకపోయినా సముద్రం ఎక్కడికీ పోదు. ఎటు చూసినా మా పిల్లలకు ఇది కావాలి. 2016 నాటి స్కూల్ సేఫ్టీ మార్గదర్శకాలు మీకు తెలియనివి కావు, నేను మళ్లీ రాయను.

ప్రాజెక్టు కట్టాలనీ అనను, వద్దనీ అనను. అది ఈ లేఖ పని కాదు. నేను అడిగేది చెప్పనివ్వమని. రెండువైపులా చెప్పుకోవచ్చని, ప్రశ్న అడిగిన పిల్లాడి మీద గానీ చెప్పిన టీచర్ మీద గానీ చర్య ఉండదని కాగితం మీద ఒక మాట ఇవ్వండి. తెలుగులో పుస్తకం ఇప్పించండి. ఆ మెమో వెనక్కి తీసుకుంటే సంతోషిస్తాను, తీసుకోకపోయినా పర్వాలేదు, పాఠం మాత్రం ఆపకండి. మా పిల్లల్ని ఒక్కసారి హైదరాబాద్‌లో ఆ హెచ్చరిక కేంద్రం చూడనివ్వండి. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి గానీ, చెప్పనివ్వండి సార్, ముందు చెప్పనివ్వండి.

పోయిన నెల సెలవు రోజున నేను, మా పీఈటీ మాస్టారు కలిసి బడి నుంచి పెద్ద మెట్ట దాకా నడిచి చూశాం. సరుగుడు తోట మీదుగా వెళ్తే పెద్దవాళ్లకు పన్నెండు నిమిషాలు. మధ్యలో రొయ్యల చెరువుకి కొత్తగా ముళ్లకంచె వేశారు, చుట్టూ తిరిగితే ఇంకో ఎనిమిది నిమిషాలు. ఆరో తరగతి వాళ్లకు ఎంత పడుతుందో వాళ్లను నడిపిస్తేనే తెలుస్తుంది. నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఆ రోజు పిల్లల్ని ఆ దారిలో నడిపించడానికి అనుమతి ఇవ్వండి. కంచెలో ఒక గేటు పెట్టించండి.

మీ విధేయురాలు,
ఒక సోషల్ టీచర్,
శ్రీకాకుళం జిల్లా