అవసరం లేకుండా దించిన ట్యాంకు, ఇకపై మా షెడ్డులో మారే పద్ధతి

పాత పికప్ ట్రక్కుల మీటర్ల పనికి మా దగ్గరికి వచ్చే అందరికీ నమస్కారం. ఈసారి మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

గత నెల ఒక పాత ట్రక్కు వచ్చింది. ట్యాంకు నిండా ఇంధనం ఉన్నా ఫ్యూయల్ మీటరు ముల్లు అడుగునుంచి లేవడం లేదు. మేం చూసీ చూడగానే సెండర్, అంటే కొలతను మీటరుకు పంపే భాగం, పోయిందన్నాం. ట్యాంకు దించి, ఇంధనం మీద తేలే ఫ్లోటుతో సహా కొత్త సెండర్ బిగించాం. ముల్లు కదల్లేదు. రెండో రోజు సాయంత్రానికి అసలు సంగతి దొరికింది. ట్యాంకు ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట బోల్టు కింద తుప్పు. ఎమరీ పేపరుతో గీకి మళ్లీ బిగిస్తే ముల్లు చక్కగా పైకి లేచింది. పాత సెండర్‌ని మల్టీమీటరు పెట్టి చూస్తే అది బాగానే ఉంది! లేబరు, సామాను డబ్బులు ట్రక్కు యజమానికి తిరిగి ఇచ్చేశాం. పోయిన రెండు రోజులు మాత్రం ఇవ్వలేకపోయాం.

ఆ తర్వాత పాత జాబ్ కార్డులు తిరగేస్తే, ముందు విడిభాగం మార్చి తర్వాత కారణం వెతికిన పనులు ఇంకా కొన్ని కనిపించాయి. అందుకే ఇకపై మల్టీమీటరు రీడింగు కార్డు మీద రాయకుండా ఏ సామానూ ఆర్డరు పెట్టం.

మేం అడిగే మొదటి ప్రశ్న: తప్పు చూపిస్తున్నది ఒక్క మీటరేనా, అన్నీనా? ఫ్యూయల్, టెంపరేచర్ రెండూ ఒకేసారి పిచ్చిగా చూపిస్తుంటే రెండు సెండర్లూ ఒకే రోజు పోయాయని అనుకోనక్కర్లేదు. పాత ఫోర్డ్, క్రైస్లర్ బళ్లు చాలావాటిలో డ్యాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టెకన్నా చిన్న రెగ్యులేటర్ ఒకటి ఉంటుంది. లోపలి లోహపు పట్టీ వేడెక్కి వదులుతూ, చల్లారి తగులుతూ, 12 వోల్టులను సగటున 5 వోల్టుల దగ్గరికి తెస్తుంది. ఆ కాంటాక్టు అతుక్కుపోతే ముళ్లన్నీ పైకి ఎగబాకుతాయి, తెగిపోతే అన్నీ పడుకుంటాయి. దాన్ని డిజిటల్ మల్టీమీటరుతో చూస్తే అంకెలు గంతులేస్తాయి. అది జబ్బు కాదు, దాని స్వభావమే.

హెడ్‌లైట్లు వేయగానే ముళ్లు జరిగినా, ఇండికేటరుతోపాటు ఊగినా అనుమానం క్లస్టరు (డ్యాష్‌బోర్డులో మీటర్లన్నీ కలిసి ఉండే భాగం) ఎర్త్ మీదే. ఇది మీరు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. మేమైతే లైట్లు వేసి, బ్యాటరీ నెగటివ్‌కీ క్లస్టరు ఎర్త్‌కీ మధ్య వోల్టేజి కొలుస్తాం. 0.2 వోల్టు దాటిందంటే ముందు ఆ దారి శుభ్రం చేస్తాం, మిగతావి ఆ తర్వాతే.

సెండర్ వైరును ఎర్త్‌కి తాకించి చూడటం పాత చిట్కా. కానీ అన్ని బళ్లకూ ఒకే జవాబు రాదు. పాత ఫోర్డ్ సెండర్ ఖాళీకి 73 ఓమ్‌లు, ఫుల్‌కి 10 ఓమ్‌లు ఇస్తుంది. జనరల్ మోటార్స్ పాత బళ్లలో చాలావాటిది తిరగేసి ఉంటుంది: ఖాళీకి 0, ఫుల్‌కి 90. అంటే అదే వైరు తాకిస్తే ఒకదాంట్లో ముల్లు ఫుల్‌కి పోతుంది, రెండోదాంట్లో ఖాళీకి పడుతుంది. మొదటి రకంలో రెండు మూడు సెకన్లకు మించి పట్టుకుంటే మీటరే కాలిపోవచ్చు, సొంతంగా చేసేవాళ్లు జాగ్రత్త.

ఇంకో మాట చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఆయిల్ ప్రెషర్ సున్నా చూపిస్తోందని ఫోన్ చేస్తే, "మీటరే పోయుంటుంది, తీసుకురండి" అని నేనే చెప్పిన రోజులున్నాయి. ఇకపై అలా చెప్పను. ఇంజను ఆపేయండి, లాగించుకుని తీసుకురండి. సెండర్ విప్పి ఆ చోట మెకానికల్ గేజు బిగించి, నిజమైన ప్రెషర్ చూశాకే మీటరుదో ఇంజనుదో తేలుస్తాం. అనవసరమైన టెన్షన్ అనిపిస్తుంది, అయినా బేరింగులు పోవడం కన్నా నయం.

2000 తర్వాతి బళ్ల సంగతి వేరు. ఒక్కో ముల్లు వెనక ఒక చిన్న స్టెప్పర్ మోటారు ఉంటుంది. ముల్లు మధ్యలో ఇరుక్కుంటే తరచుగా తప్పు దానిదే. పాతది ఊడదీసి కొత్తది సోల్డరింగ్ చేయాలి. ముల్లు సరైన చోట కూర్చోబెట్టడానికే ఎక్కువ సమయం పడుతుంది. అందుకే ఈ పని మీకు ఆలస్యంగా ఇస్తున్నాం, ఇంకా కొన్నాళ్లు ఆలస్యం తప్పదు. సెకండ్ హ్యాండ్ క్లస్టర్ వేసేయమని కొందరు అంటారు. చాలా బళ్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క క్లస్టర్లోనే ఉంటుంది, వేరే బండి లెక్క మీ బండికి వచ్చి కూర్చుంటుంది. అది మేం చేయం.

మేం ఈ ఏడాది సెండరో క్లస్టరో మార్చినా ముల్లు ఇంకా తేడాగా ఉంటే బండి తెచ్చి చూపించండి. పరీక్షకు డబ్బు తీసుకోం. తప్పు ఎర్త్‌దేనని తేలితే అప్పుడు కట్టిన డబ్బు తిరిగి ఇస్తాం. వచ్చేటప్పుడు మాత్రం ట్యాంకు నింపుకుని రాకండి, దించాల్సి వస్తే మోసేది మేమే.