శీనూ, ఓఎం-1 కెమెరా మీటరు బతికిందిరా!

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చెల్లి పరీక్షలయ్యాయి, వానలు వదలడం లేదు. ఇక అసలు సంగతి విను. పెదనాన్న కువైట్ నుంచి తెచ్చిన ఒలింపస్ ఓఎం-1 ఫిల్ము కెమెరా ఉందే, దాంట్లో వెలుతురు కొలిచే మీటరు పనిచేస్తోంది!

రిపేరు షాపతను "మీటరు పోయిందండీ, షోకేసులో పెట్టుకోండి" అనేశాడు. అతను వేసిన ఆల్కలైన్ సెల్లుతో తీసిన రీలంతా చీకటే. మన గోదారి దయ్యం ఫొటో గుర్తుందా? అచ్చం అదే! కానీ లెన్సు అద్దంలా ఉంది, షట్టరు టక్కుమంటోంది, మరి మీటరొక్కటే ఎందుకు పోతుంది? నాకు నమ్మబుద్ధి కాలేదు.

తప్పంతా సెల్లుదేరా. ఆ రోజుల్లో ఈ కెమెరాని 1.35 వోల్టుల పాదరసం సెల్లు కోసం చేశారు. పాదరసం విషమని ఆ సెల్లులు ఆపేశారు. ఇప్పుడు దొరికే ఆల్కలైన్‌ది 1.5 వోల్టులు. దాంతో మీటరు ముల్లు ఉన్న వెలుతురు కంటే ఎక్కువ చూపిస్తుంది, మనం అపర్చరు, అంటే లెన్సులో వెలుతురొచ్చే కన్నం, చిన్నది చేసేస్తాం, ఫొటో నల్లబడుతుంది. పైగా వాడేకొద్దీ వోల్టేజీ దిగిపోతుంటుంది కాబట్టి ఎంత తేడా వస్తోందో లెక్కకి అందదు.

మరి దేంతో నడిచిందనుకున్నావ్? నాయనమ్మ చెవి మిషన్ సెల్లుతో! నీలం స్టిక్కరుండే 675 నంబరు. గాలి పీల్చుకుని పనిచేసే జింక్-ఎయిర్ సెల్లు అది, 1.4 వోల్టులు, చివరిదాకా ఇంచుమించు అలాగే నిలబడుతుంది. సైజు చిన్నది, అందుకని కుళాయి సామాన్ల కొట్లో రబ్బరు వాషరు కొని చుట్టూ తొడిగాను. స్టిక్కరు పీకి కాసేపు గాలికి వదిలేశాను. అడుగు మూత రూపాయి బిళ్ళతో తిప్పి, సెల్లుకున్న సన్న చిల్లులు వాషరుతో మూసుకుపోకుండా చూసి బిగించాను.

వాన తెరిపిచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం ఎండలో పెరట్లో గడ్డి మీదకి గురిపెట్టా. 100 స్పీడు ఫిల్ము, షట్టరు 1/125 సెకను, అపర్చరు ఎఫ్/16. ముల్లు వణుక్కుంటూ లేచి సరిగ్గా నడిమధ్యలో ఆగిందిరా, అంటే కొలత సరిపోయినట్టే! నేను వేసిన కేకకి నాయనమ్మ బయటికొచ్చి "ఒరేయ్, నా సెల్లేదిరా?" అంది. ఇప్పుడు ఆవిడకో పేకెట్టు, కెమెరాకో పేకెట్టు. స్టిక్కరు పీకాక వాడినా వాడకపోయినా కొన్ని నెలలకి ఎండిపోతుంది, అదొక్కటే లోటు. పోనీలే, షట్టరుకి బ్యాటరీతో పనే లేదు కదా.

నీ నికాన్ ఎఫ్ఎం2 కెమెరాకి ఎల్ఆర్44 అనే ఆల్కలైన్ సెల్లు కొనకు, అదే సైజు ఎస్ఆర్44 అడుగు. సిల్వర్ ఆక్సైడు, ఖరీదెక్కువైనా 1.55 వోల్టుల దగ్గర స్థిరంగా ఉంటుంది. డిజిటల్ కెమెరా బ్యాటరీలు ఫుల్ చార్జి చేసి నెలల తరబడి బీరువాలో పెట్టకు, సగం చార్జితో చల్లని చోట ఉంచు. లడఖ్ వెళ్తున్నావు కదా, స్పేర్లని విమానంలో చేతిసంచిలోనే పెట్టుకో, అక్కడికెళ్లాక లోపలి జేబులో ఉంచుకో. చలికి పడుకున్న బ్యాటరీ ఒంటి వేడి తగిలితే మళ్లీ లేస్తుంది. పాత ఫ్లాషులో సెల్లులు అలాగే వదిలేశావా? తీసెయ్యరా బాబూ, కారితే ఆ పచ్చటి చిలుము నిమ్మరసంతో తుడుచుకోవాలి, తుడిచినా ఒక్కోసారి...

పోస్టు తీసే టైమైపోతోంది. కొత్త రీలు కడిగించాక మీ అక్క ఫొటో ఒకటి పంపిస్తా, ఆ చామంతుల దగ్గర తీసింది.

సరే, పరిగెత్తాలి. ఉంటా.

నీ
సూరి