మద్యం ఒక్కసారిగా మానేస్తే ప్రాణగండం

ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మద్యం మానేస్తే ప్రాణం మీదికి రావచ్చన్న సంగతి మద్య వ్యతిరేక ప్రచారంలో పెద్దగా కనిపించడం లేదు. పంతం పట్టి మానేసిన మా మేనమామకు మర్నాటికే చేతులు వణికి, గ్లాసు నోటిదాకా వెళ్లేలోపు సగం నీళ్లు చొక్కా మీద ఒలికిపోయాయి. "ఆ మాత్రం ఉంటుందిలే, ఓర్చుకో మామయ్యా" అన్నాను. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు ఆసుపత్రి మంచం మీద దుప్పటి మీంచి లేని చీమలను ఏరుతూ, నువ్వెవరని నన్నే అడిగాడు. బతికి బయటపడ్డాడు గానీ, ఓర్చుకోమన్న నా మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది. మద్యం మత్తుకు ఎదురీదడానికి అలవాటుపడ్డ మెదడు, అది ఆగగానే అదుపు తప్పుతుంది. వణుకు, చెమటలు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల్లోపే. జ్వరం, గుండెదడ, మతిభ్రమణతో ముంచుకొచ్చే డెలీరియం 2 నుంచి 4 రోజుల మధ్య వస్తుంది. ఇక గట్టెక్కాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే వేళకే అసలు గండమన్నమాట! డాక్టర్ పర్యవేక్షణలో మెదడును శాంతపరిచే డయాజెపామ్ వంటి మాత్రలు ఇస్తే దీన్ని చాలావరకు ఆపవచ్చు. అందుకే మద్యం మానమని చెప్పే ప్రతి ప్రకటనలో "రోజూ తాగేవారు డాక్టర్ సలహాతోనే మానాలి" అన్న వాక్యాన్ని తప్పనిసరి చేయాలి. కాలు విరిగి ఆసుపత్రిలో చేరినవారిని సైతం చివరిసారి ఎప్పుడు తాగారో మొదటి రోజే అడిగి రాసుకోవాలి, అక్కడ చేరగానే తాగుడు దానంతటదే ఆగిపోతుంది కనుక.