ఒకే కెమెరాకు మూడు పేర్లెందుకు?

సంపాదకులకు నమస్కారాలు.

వస్తువులకు పెట్టే వింత పేర్లను చూసి నవ్వుకుని వదిలేస్తుంటాం. కెమెరా కొనేవారికి మాత్రం ఆ పేర్లు నిజమైన చిక్కులే తెస్తున్నాయని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2003లో పెంటాక్స్ సంస్థ తెచ్చిన డిజిటల్ కెమెరా పేరు ఒక నక్షత్రం గుర్తుతో (*) మొదలై, ఆ వెంటనే 'ఇస్ట్ డి' అని ఉండేది. దుకాణంలో అడగబోయిన మనిషి ఆ గుర్తును పలకాలో, మింగేయాలో తేల్చుకోలేడు. పైగా కంప్యూటర్లో వెతికేటప్పుడు చాలాచోట్ల ఆ గుర్తుకు 'ఏదైనా సరే' అని అర్థం కాబట్టి, ఆ పేరుతో వెతకడమూ కష్టమే.

అదే ఏడాది కానన్ తెచ్చిన 300డి అమెరికాలో 'డిజిటల్ రెబెల్', జపాన్‌లో 'కిస్ డిజిటల్' అయింది. ఒకచోట తిరుగుబాటు, ఇంకొకచోట ముద్దు. నా మిత్రుడొకరు అంతకుముందు ఎవరో వాడిన 'కిస్' ఒకటి కొని, ఆ పేరుతో తనకు అర్థమయ్యే భాషలో సూచనల పుస్తకం దొరకక, అది నకిలీదేమోనని తిరిగి ఇచ్చేయబోయారు. నా 300డిని దాని పక్కన పెట్టి చూస్తే మీటలూ, చక్రాలూ, బ్యాటరీ మూతా అన్నీ ఒకే చోట ఉన్నాయి. నా బ్యాటరీ అందులో చక్కగా ఇమిడింది. అప్పటికిగానీ ఆయన మనసు కుదుటపడలేదు.

పేరు మార్చక తప్పని సందర్భాలు లేకపోలేదు. తన పేరుకు దగ్గరగా ఉందని జర్మన్ కెమెరా సంస్థ జైస్ ఐకాన్ అభ్యంతరం చెప్పడం వల్ల నికాన్ ఎఫ్ కెమెరాను పశ్చిమ జర్మనీలో 'నిక్కోర్ ఎఫ్' అని అమ్మారు. స్పానిష్ వాడుకలో బూతుగా వినిపించే పజెరో కారును ఆ భాష మాట్లాడే దేశాల్లో మోంటెరోగా మార్చడమూ సబబే. ముద్దుకూ తిరుగుబాటుకూ అలాంటి అవసరమేదీ నాకు కనిపించదు.

పేరు విషయంలో ముందుచూపు అంటే ఏమిటో కానన్ చరిత్రే చూపుతుంది. 1934 నాటి దాని నమూనా కెమెరాకు కరుణామూర్తి అయిన అవలోకితేశ్వరుడి జపనీయ నామంతో 'క్వానాన్' అనీ, లెన్సుకు బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడి మీదుగా 'కాశ్యప' అనీ పేర్లు పెట్టారు. ప్రపంచమంతటా చెల్లే పేరు కావాలని 1935లో 'కానన్'ను నమోదు చేయించారు. అంత శ్రద్ధ ఒక్కొక్క కెమెరా పేరు మీదా ఉండాలని నా కోరిక.

మీ పత్రిక కెమెరాల గురించి రాసినప్పుడల్లా, వాటికి ఇతర దేశాల్లో ఉన్న పేర్లనూ, వాటిని పలికే తీరునూ పక్కనే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫొటోగ్రాఫర్