సాయంత్రపు బడి: 2024-25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, మండలి సభ్యులందరికీ నమస్కారం.

ఉప్పల్ ప్రాంతంలోని మన కాలనీ భజన మండలి నడుపుతున్న సాయంత్రపు బడిలో 2024 జూన్ నుంచి 2025 ఏప్రిల్ వరకు జరిగిన పనిని సభ్యుల ముందు ఉంచుతున్నాం. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని నోటు పుస్తకాలు పంచాం, ఎన్ని బ్యాగులు ఇచ్చాం అన్న లెక్కలతోనే ఇదివరకటి నివేదికలు నిండిపోయేవి. ఆ లెక్కల్లో అబద్ధమేమీ లేదు గానీ, వచ్చిన పిల్లలకు చదవడం వచ్చిందా లేదా అన్న ప్రశ్నకు వాటిలో ఎక్కడా జవాబు దొరకదు. ఈసారి ఆ ప్రశ్నతోనే ఏడాది మొదలుపెట్టాం కనుక నివేదిక తీరు కూడా మారింది.

మన బడికి వచ్చేవారిలో ఎక్కువమంది అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల పిల్లలు, కట్టడాల దగ్గర కూలి చేసేవాళ్ల పిల్లలు, ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలు. పాలమూరు, నల్లగొండ ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. తండాల నుంచి వచ్చినవాళ్లు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు వాళ్ల భాషలు మాట్లాడతారు. మన ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది. రెండు పేజీల్లో ఏదో ఒకటైనా చదవగలిగే పిల్లలకు అది మంచి ఏర్పాటే. రెండూ చదవలేనివాళ్లకు మాత్రం ఒకటికి రెండు గోడలు.

బడులు తెరిచిన జూన్ 12 తర్వాత రెండు వారాలు పాఠాలేవీ చెప్పకుండా, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించి చూశాం. ముందు అక్షరాలు, అవి వస్తే పదాలు, ఆ తర్వాత ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, చివరికి రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగితే అదే ఆ బిడ్డ మెట్టు. నాలుగో తరగతి బాబు ఒకడు పాఠం మీద వేలు పెట్టి ఎక్కడా తడుముకోకుండా గడగడా చదివేశాడు. మన బోధకురాలికి ఎందుకో అనుమానం వచ్చి, వేలిని పేజీ మధ్యకు జరిపి, "ఇక్కడి నుంచి చదువు నాన్నా" అన్నారు. వాడు మళ్లీ పాఠం మొదటి వాక్యం అందుకున్నాడు. ఇంకోసారి అడిగినా అంతే. మూడోసారి వేలు తీసేసి, "మొదటి నుంచి చెప్తేనే వస్తది టీచర్" అన్నాడు. వాడికి అక్షరాల్లో సగం రావు. నాలుగేళ్లుగా పక్కవాళ్ల గొంతు విని పాఠాలన్నీ కంఠతా పట్టేశాడు. అలాంటివాళ్లు వాడొక్కడే కాదని ఆ రెండు వారాల్లో తేలింది.

దీనికి మనం వాణ్ణి తప్పుపట్టలేం. శనివారం భజనలో పుస్తకం చేతిలో పట్టుకొని, పేజీ తిప్పకుండానే కీర్తన చివరిదాకా పాడే పెద్దవాళ్లు మన మండలిలోనూ ఉన్నారు. భజనకు అది చాలు. బడికి చాలదు.

ఇది ఒక్క మన కాలనీ సంగతి కాదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే 2024 నివేదిక 2025 జనవరిలో వెలువడింది. దాని ప్రకారం, గ్రామీణ భారతంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్న పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే, 2022లో అది 16.3 శాతం ఉండేది. ఆ సర్వే ఊళ్లలో జరిపింది, మనది నగరం, కాబట్టి ఆ అంకెను యథాతథంగా మనకు అన్వయించుకోకూడదు. అయినా మన గదిలో కనిపించినదానికీ దానికీ పెద్ద తేడా ఏమీ లేదన్నది నా అభిప్రాయం. మన రాష్ట్రంలో తొలిమెట్టు పేరుతో ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల మీద ప్రత్యేకంగా పని జరుగుతోంది. మనం చేసేది దానికి సాయంత్రపు చేయూతగా ఉండాలే తప్ప పోటీగా ఉండకూడదని మొదట్లోనే అనుకున్నాం.

అందుకని తరగతుల వారీగా కూర్చోబెట్టడం మానేసి, చదివే మెట్టును బట్టి మూడు జట్లు చేశాం. అయిదో తరగతి అమ్మాయిని రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోబెడితే ఆమె మర్నాటి నుంచి రాదు కనుక, జట్లకు ఒకటి, రెండు, మూడు అని కాకుండా మామిడి, జామ, సీతాఫలం అని పేర్లు పెట్టాం. చాలా తెలివిగా చేశామనుకున్నాం. పది రోజులు తిరక్కుండానే "సీతాఫలం అంటే అచ్చరాలు రానోళ్లు" అని పిల్లలే తేల్చేశారు. చివరికి పనికొచ్చినది మరొకటి: సీతాఫలం జట్టులోని పెద్ద పిల్లలకు జామ జట్టు హాజరుపట్టీ, సుద్దముక్కల డబ్బా, పలకలు పంచే పని అప్పజెప్పాం. పెత్తనం చేతికొచ్చాక పేరు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నేర్పే పద్ధతిలో కొత్త విద్యలేమీ లేవు. అచ్చులు, హల్లులు వచ్చిన పిల్లలు గుణింతం దగ్గర కొంత, ఒత్తుల దగ్గర ఎక్కువగా ఆగిపోతున్నారు. పుస్తకంలోని పదాలకంటే వీధిలోని పదాలు త్వరగా పట్టుబడుతున్నాయని బోధకులు గమనించారు. ఆర్టీసీ బస్సు బోర్డు, కిరాణా కొట్టు పేరు, చికెన్ సెంటర్ మీది రాత, వీటన్నిటినీ అట్టముక్కల మీద రాసి తెచ్చారు. 'మెట్రో'లో ట కింద క్రావడి ఎందుకుందో ఒకసారి అర్థమైతే పత్రిక, చక్రం, ఆంధ్ర వాటంతటవే దారికొచ్చాయి. మామిడి జట్టులోని ఒక అమ్మాయి ఉప్పల్ స్టేషన్ కింద నిలబడి కనిపించిన ప్రతి బోర్డూ చదువుతోందని, ఇంటికి రావడానికి గంట పడుతోందని వాళ్ల నాన్న ఫిర్యాదు చేశారు. ఏడాది మొత్తంలో వచ్చిన ఫిర్యాదుల్లో మేము సంతోషంగా స్వీకరించినది అదొక్కటే.

సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు కొన్ని అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి నీళ్లు వచ్చాయి. వాచ్‌మన్ కుటుంబాలు ఉండేది ఆ సెల్లార్లలోనే కనుక, పిల్లల పుస్తకాలు, బట్టలు తడిసి ముద్దయ్యాయి. ఆ వారం బడి గదిలో పాఠాలకు బదులు పుస్తకాలు ఆరబెట్టడమే జరిగింది. అంటుకుపోయిన పేజీలను స్కేలుతో విడదీస్తూ పిల్లలు కొత్త పాఠాలు చూసుకున్నారు. పూర్తిగా పాడైన పుస్తకాలకు బదులు పాతవి సేకరించి ఇచ్చిన సభ్యులకు కృతజ్ఞతలు. నవంబరులో ప్రభుత్వ ఇంటింటి సర్వే విధులు ఉపాధ్యాయులకు పడడం వల్ల ప్రాథమిక బడులు మధ్యాహ్నం వరకే నడిచాయి. తల్లిదండ్రులు పనిలో ఉండగా పిల్లలు రోడ్డు మీద తిరగకూడదని, మన గదిని మధ్యాహ్నం రెండు గంటలకే తెరిచాం. అన్ని పూటలు ఎవరు చూసుకోవాలన్నది ముందే అనుకోకపోవడంతో రెండు రోజులు గది తాళం తీయకుండానే ఉండిపోయింది. ఆ తప్పు కార్యదర్శిగా నాది.

ఇక కార్యవర్గంలో అన్నిటికంటే ఎక్కువ చర్చకు వచ్చిన విషయం, బడి స్థలం. మొదటి నుంచీ బడి రామాలయం మండపంలోనే నడిచేది. ఏడు గంటల హారతి గంటతో పాఠం ముగిసేది, ప్రసాదంగా పులిహోరో దద్దోజనమో పెట్టి పిల్లలను పంపేవాళ్లం. అది మనకు ఎంతో సహజంగా తోచింది. అయితే పక్క బస్తీ నుంచి ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలు నాలుగు రోజులు వచ్చి మానేయడం చూసి, వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగాం. ఒక తల్లి ఏమీ దాచుకోకుండా, "చదువు కావాలె గానీ, గుడిలకు పంపాలంటే ఇంట్ల పెద్దోళ్లు ఒప్పుకుంటలేరు" అని చెప్పింది. బడిని కాలనీ కమ్యూనిటీ హాలుకు మార్చాలని కార్యవర్గం ప్రతిపాదించినప్పుడు, మండలి పేరుతో నడిచే పని దేవుడి సన్నిధి వదిలి పోవడమేమిటని కొందరు పెద్దలు బాధపడ్డారు. వాళ్ల బాధలో న్యాయం లేదని అనలేను. కానీ మానవసేవే మాధవసేవ అని ప్రతి శనివారం చెప్పుకొనే మనం, ఆ సేవకు గుమ్మం దగ్గరే అర్హత అడగడం ఎలా కుదురుతుంది? మన భక్తి మనల్ని ఈ పనికి పంపింది. పిల్లలు దానికి రుసుము కట్టనక్కర్లేదు.

ఆ చర్చలో ఒక సభ్యుడు గుర్తుచేసిన సంగతి ఇక్కడ రాయడం సబబు. ఈ హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథలు, భజనల ద్వారా దళిత వాడల్లో జనాన్ని కూడగట్టి, 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల వాళ్ల పిల్లలకు బడులు తెరిచారు. భజన నుంచి బడికి నడవడం ఈ ఊరికి కొత్త కాదు. ఆ వాడల పిల్లలకు గుడి తలుపులే మూసి ఉన్న కాలం అది. మనకున్న సౌకర్యంతో పోలిస్తే ఆయన చేసినది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఆగస్టు నుంచి బడి కమ్యూనిటీ హాలులో నడుస్తోంది. ప్రసాదం స్థానంలో ఉడికించిన శనగలు, అరటిపండు ఇస్తున్నాం. పాఠం మొదట్లో ప్రార్థనకు బదులు రెండు నిమిషాలు కళ్లు మూసుకొని నిశ్శబ్దంగా కూర్చుంటారు. నిజం చెప్పాలంటే రెండు నిమిషాలు కాదు, నలభై సెకన్లకే ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. మార్చిలో రంజాన్ నెల రావడంతో ఉపవాసం ఉండే పెద్ద పిల్లల కోసం బడిని ఇంకా త్వరగా మొదలుపెట్టాం. ఒంటిపూట బడులు కూడా అప్పుడే మొదలవడంతో ఆ మార్పు ఎవరికీ ఇబ్బంది కాలేదు.

బడిలో చేరికల విషయం. ఈ ఏడాది బడి ముఖమే చూడని పిల్లలు కొందరు మన సర్వేలో దొరికారు. వారిలో ఇద్దరు అన్నదమ్ములను చేర్చుకోవడానికి ఒక పాఠశాలలో పుట్టిన తేదీ పత్రం లేదని, పాత బడి టీసీ లేదని మూడుసార్లు వెనక్కి పంపారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో గానీ, టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో గానీ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. చట్టం ప్రతిలో ఆ సెక్షన్ల కింద గీత గీసి, మర్యాదగా తీసుకెళ్లి చూపిస్తే నాలుగోసారి చేర్చుకున్నారు. అదే చట్టం వయసుకు తగిన తరగతిలో చేర్చాలని, వెనుకబడిన పిల్లలకు తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెబుతుంది. పెద్దవాడికి పదేళ్లు, అక్షరం రాకుండా అయిదో తరగతిలో కూర్చున్నాడు. ఆ ప్రత్యేక శిక్షణలో కొంత భాగమైనా మన గదిలో జరుగుతోందని చెప్పుకోవచ్చు. ఇదే సందర్భంలో ఒక మాట: రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల నుంచి పనిపిల్లలను, బడికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపుల ద్వారా బడికి చేర్చిన తీరు గురించి, ఆ పనికి గాను ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చిన సంగతి గురించి మన బోధకులు చదివి చర్చించుకున్నారు. బిడ్డ పనిలో ఉంటే పేదరికం అని సరిపెట్టుకోకుండా, బడిలో ఉండాల్సిన బిడ్డ ఇక్కడ ఎందుకుందని అడగడం వాళ్ల దగ్గర నేర్చుకోవలసిన సంగతి.

మార్చిలో పిల్లలను మళ్లీ అదే పద్ధతిలో చదివించి చూశాం. సీతాఫలం జట్టులో ఎక్కువమంది పదాలు చదువుతున్నారు, కొందరు పేరా దాకా వచ్చారు. ముగ్గురు మాత్రం జూన్‌లో ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. వాళ్లలో ఒకరికి కళ్లు సరిగా కనపడవని ఫిబ్రవరిలో గానీ మేము గుర్తించలేదు. అద్దాలు వచ్చాయి, ఏడాది పోయింది. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి రాని కుటుంబాల పిల్లలు ఈ లెక్కలో లేరు. కట్టడం పని ముగిస్తే వాళ్లు ఎటు పోయారో తాపీమేస్త్రీలకు కూడా తెలియదు. గడగడా అప్పజెప్పిన బాబు ఇప్పుడు పేజీ మధ్య నుంచి చదువుతున్నాడు, నెమ్మదిగా, ఒత్తు వచ్చినచోట ఆగి, పెదవులు కదిపి చూసుకొని. జూన్‌లో కంటే ఇప్పుడే మెల్లగా చదువుతున్నాడని వాళ్లమ్మ బెంగపెట్టుకుంది. ఆమెకు నచ్చజెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.

చేయకూడనివి చేసిన సంగతి కూడా రాయాలి. ఒక దాత ఇచ్చిన పాత కంప్యూటర్లు తీసుకున్నాం; నేర్పేవాళ్లు లేరు, వైరింగు సరిపోలేదు, అవి ఇంకా స్టోరు గదిలోనే ఉన్నాయి. నోటు పుస్తకాల పంపిణీలో పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయించడం గణేశ్ ఉత్సవాల తర్వాత మానేశాం. ఆ కారణంగా ఒకరిద్దరు దాతలు దూరమయ్యారు. దానికి కార్యవర్గం చింతించడం లేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో విడిగా జతచేశాం. ఖర్చులో పెద్ద భాగం బోధకుల గౌరవ వేతనమే. ఆలయ హుండీ సొమ్ము బడికి, బడి చందాలు ఆలయానికి వాడకుండా రెండు ఖాతాలు వేరుగా ఉంచాం.

వచ్చే ఏడాదికి సభ్యుల ఆమోదం కోరుతున్న అంశాలు మూడు. జూన్‌లోనే పిల్లలందరికీ కంటి పరీక్ష చేయించడం; స్టోరులోని కంప్యూటర్లను వాడుకోగలిగిన వేరే సంస్థకు ఇచ్చేయడం. మూడోది కార్యవర్గం ఆలోచన కాదు. మన మండలిలోని నలుగురు పెద్దమ్మలు భజన పుస్తకం తామే చదువుకోవాలని, పిల్లలతో పాటు సీతాఫలం జట్టులో కూర్చుంటామని అడిగారు. పిల్లలకు అభ్యంతరం లేదు. హాజరుపట్టీలో వాళ్ల పేర్లు కూడా పిలుస్తామని షరతు పెట్టారు. నాలుగు పలకలు, రెండు కుర్చీలు అదనంగా కొనడానికి అనుమతి ఇవ్వవలసిందిగా సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాం.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున