గాలిలోనే రాడికల్ రసాయనం: పీజీ ప్రయోగశాలలకు ఒక సూచన

సంపాదకుల వారికి,

నమస్కారం. ఫ్రీ రాడికల్స్ (జతకాని ఎలక్ట్రాన్ ఉండి, అందువల్ల చురుగ్గా చర్య జరిపే అణువులు) ప్రస్తావన మన పత్రికల్లో ఆరోగ్య పేజీ దాటి రావడం అరుదు. ప్లాస్టిక్కుల తయారీలో వీటికి పెద్ద పాత్ర ఉందని గానీ, వీటిని గాలి తగలకుండా కాపాడే నైట్రోజన్ రక్షణ లేకుండా మామూలు గాలిలోనే పనిచేయించే ప్రయత్నాలు సాగుతున్నాయని గానీ పాఠకులకు తెలియజేయడం అవసరమని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

1900లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ ట్రైఫినైల్ మిథైల్ రాడికల్‌ను గుర్తించిన నాటి నుంచీ ఈ రంగానికి గాలితోనే చిక్కు. పసుపుపచ్చని ఆ ద్రావణాన్ని గాలి తగిలేలా కుదిపితే రంగు విరిగి తెల్లని పెరాక్సైడ్ ఏర్పడుతుంది. వెంటనే మూత బిగించి ఉంచితే, జంటలుగా కలిసి ఉన్న అణువులు కొన్ని విడివడి రంగు మళ్లీ తేలుతుంది. ఆక్సిజన్ అణువులోనూ జతకాని ఎలక్ట్రాన్లు రెండు ఉండటం వల్ల సాధారణ కార్బన్ రాడికల్ ఎదురుపడితే అది దాదాపు వదిలిపెట్టదు. అందుకే నైట్రోజన్ సిలిండర్లు, గ్లవ్ బాక్సులు (గాలి చొరకుండా మూసి, అమర్చిన చేతి తొడుగులతో లోపల పనిచేసే పెట్టెలు) కావలసి వస్తాయి. మన జిల్లా కేంద్రాల్లోని పీజీ కళాశాలల్లో అవి ఎన్నింటికి ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ చిక్కుకు ఒక దారి కొత్త రకం ద్రావణుల్లో కనిపిస్తోంది. 302 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే కోలిన్ క్లోరైడ్‌ను, 133 డిగ్రీల వద్ద కరిగే యూరియాను మోల్స్ లెక్కన (అంటే బరువును బట్టి కాక అణువుల సంఖ్యను బట్టి) ఒకటికి రెండు పాళ్లు కలిపి వేడిచేస్తే, 12 డిగ్రీల దాకా గడ్డకట్టని చిక్కని ద్రవం వస్తుందని 2003లో బ్రిటన్‌కు చెందిన ఆండ్రూ ఆబట్ బృందం ప్రకటించింది. ఇలా విడివిడి పదార్థాల కంటే చాలా తక్కువ ఉష్ణోగ్రత వద్దే ద్రవంగా ఉండే మిశ్రమాలనే డీప్ యూటెక్టిక్ సాల్వెంట్లు అంటున్నారు. మొదటిది కోళ్ల దాణాలో కలిపేదే, రెండోది ఎరువుల కొట్లో దొరికేదే (అయితే అక్కడి యూరియాకు వేపనూనె పూత ఉంటుంది కనుక ప్రయోగానికి పనికిరాదు). గాలి, తేమ సోకితే పాడయ్యే ఆర్గానోలిథియం కారకాలు (కార్బన్‌కు లిథియం జతపడిన పదార్థాలు) ఈ తరహా ద్రవాల్లో గది ఉష్ణోగ్రత వద్ద, ఆరుబయటే కీటోన్లతో (ఎసిటోన్ వంటి కర్బన పదార్థాలతో) చర్య జరుపుతాయని 2014లో ఎవా హెవియా, సహపరిశోధకులు చూపారు. రాడికల్స్ విషయంలోనూ ఆశకు ఆధారం ఉంది: ఇంత చిక్కని ద్రవంలో ఆక్సిజన్ నెమ్మదిగా కదులుతుంది.

అంతమాత్రాన రాడికల్ 'స్థిరపడింది' అనడం నాకు సమ్మతం కాదు. ఆక్సిజన్ చేరేలోగా మనకు కావలసిన చర్య ముగిసిందంటే అది పందెంలో గెలుపే గాని రాడికల్‌కు దక్కిన దీర్ఘాయువు కాదు. ఏ రాడికల్, ఎంతసేపు నిలిచింది, ద్రవంలో నీరు ఎంత శాతం అన్నవి చెప్పని ప్రకటనను నమ్మనక్కర్లేదు. ఈ ద్రవాలు తేమను పీల్చుకుంటాయి, నీరు చేరితే చిక్కదనం ఇట్టే పడిపోతుంది.

దీన్ని మన విద్యార్థులే పరీక్షించవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించిన బెంజోఫినోన్ అనే కీటోన్‌ను, గాలి లేకుండా మూతి దాకా నింపిన సీసాలో ఎండలో ఉంచితే కొన్నాళ్లకు బెంజోపినకోల్ స్ఫటికాలు దిగడం పాత ప్రయోగమే. మధ్యలో ఆ కీటోన్ నుంచి పుట్టేది కీటైల్ రాడికల్. అదే పనిని పైన చెప్పిన తరహాకే చెందిన, కోలిన్ క్లోరైడ్, గ్లిసరాల్ కలిపిన ద్రవంలో, మూత తీసిన పాత్రలో చేసి దిగుబడులు పోల్చమనాలి. బెంజోఫినోన్ అందులో ఎంత కరుగుతుందో ముందే చూసుకోవాలి. విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలు దీన్ని ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేర్చే విషయం పరిశీలించాలని కోరుతున్నాను. ఆర్గానోలిథియం ప్రయోగాలను మాత్రం, గాలిలో జరుగుతాయని విని విద్యార్థుల చేతికి ఇవ్వరాదు. ఆ కారకాల్లో కొన్ని సీసాలోంచి బయటికి వస్తూనే అంటుకుంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు